అత్తగారి చేతిలో టార్చిలైటు



ఈ పూట టార్చిలైటు గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "టార్చిలైటులో ఏముందమ్మా చెప్పడానికి? నొక్కితే వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరుతుంది" అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. 2024 ఆగస్టు నెలాఖరు దాకా నేనూ అలాగే నవ్వేదాన్ని.

మాది విజయవాడలో సింగ్‌నగర్. ఆ సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం. అంతకు ముందు రోజంతా ఎడతెరిపి లేని వాన. బుడమేరు గట్లు తెగి ఆ నీళ్ళు మా వీధుల మీద పడ్డాయి. పొద్దున పాలకోసం గుమ్మంలోకి వస్తే పాదాలు తడిశాయి. మధ్యాహ్నానికి కింది వాటా కిటికీల దాకా వచ్చేశాయి. మేముండేది పై వాటాలో. కింది వాటావాళ్ళు ఐదుగురు, చంకలో ఏడాది పిల్లతో సహా, మా ఇంటికి ఎక్కివచ్చారు. కరెంటు తీసేశారు. నీళ్ళు నిలిచినచోట తీయకపోతే ప్రమాదం కదా, తప్పదు.

చీకటి పడుతుండగా పాత టార్చిలైటు గుర్తొచ్చింది. బీరువా అడుగునుంచి తీసి నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూత తిప్పి చూద్దును కదా, లోపల బ్యాటరీలు కారి ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. ఎన్నేళ్ళ క్రితం వేశామో ఎవరికీ జ్ఞాపకం లేదు. సరే, సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా అని వాటి లైట్లు వేసుకున్నాం. ఒకరు వంటింట్లో, ఒకరు మెట్ల మీద నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో చూస్తూ, ఒకరు పిల్లదగ్గర. అర్ధరాత్రికి మూడు ఫోన్లూ మూగబోయాయి. వెలుగుకోసం మాట పోగొట్టుకున్నామన్నమాట. అవతల అవనిగడ్డ దగ్గర పల్లెలో మా తమ్ముడు తెల్లవార్లూ ఫోను చేస్తూనే ఉన్నాడట. ఎంత చేసినా పలకకపోయేసరికి వాడికి అన్నం సయించలేదట.

మర్నాడు, 2వ తేదీన, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టిన తర్వాత అంత ఎప్పుడూ రాలేదు. 2009 అక్టోబరు వరద కూడా దీని తర్వాతే. ఆ సంగతి మాకప్పుడు తెలియదు. మాకు తెలిసిందల్లా మా మెట్లు, అవి ఎన్ని మునిగాయో ఆ లెక్క.

ఆ రెండో రాత్రి పిల్లకు ఒళ్ళు కాలిపోయింది. మందు ఉంది. కానీ రెండు సీసాలు. ఒకటి జ్వరానికి, ఒకటి దగ్గుకి. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు. దేవుడి దగ్గర దీపం తెచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని చెంచాలో మందు పోశాను. నోటిదాకా తీసుకువెళ్ళి ఎందుకో ఆగాను. సీసాను దీపానికి మరింత దగ్గరగా పెట్టి చూస్తే అది దగ్గుమందు. చెంచాలోది నేలమీద పారబోశాను. ఆ పిల్ల ఇప్పుడు చక్కగా ఆడుకుంటోంది. కానీ ఆ చెంచా తలుచుకుంటే నాకిప్పటికీ చెయ్యి వణుకుతుంది.

నీళ్ళు తీసిన తర్వాత మా తమ్ముడు వచ్చాడు. వాడి చేతిలో జానెడు టార్చిలైటు. "అక్కా, ఇది మూడువేల ల్యూమెన్లు. వేశావంటే వీధివీధంతా పట్టపగలే" అన్నాడు. అప్పటినుంచీ ఆ వస్తువును నేను పెట్టని పరీక్ష లేదు. ఆ పరీక్షల్లో తెలిసినవే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ముందు ఈ ల్యూమెన్ అంటే ఏమిటో చూద్దాం. ఒక దీపం నుంచి మొత్తం ఎంత వెలుగు వస్తుందో చెప్పే కొలత అది. మన ఇళ్ళలో వేసుకునే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే మా తమ్ముడు తెచ్చింది అలాంటి మూడు నాలుగు బల్బుల పెట్టు. అంత వెలుగు పిడికెడు వస్తువులోంచి రావడానికి కారణం నీలిరంగు ఎల్‌ఈడీ. ఎరుపూ ఆకుపచ్చా ముందే ఉన్నాయి కానీ, ప్రకాశవంతమైన నీలం చేయడం చాలాకాలం ఎవరికీ చేతకాలేదు. అది సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. మనం తెల్ల ఎల్‌ఈడీ అనుకునేది నిజానికి నీలందే. దానిమీద పసుపుపచ్చని పూత ఉంటుంది. ఆ నీలమూ ఈ పసుపూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి.

మొదటి పరీక్ష 2025 సంక్రాంతికి మా పుట్టింట్లో చేశాం. రాత్రి భోజనాలయ్యాక పిల్లలందరం, అంటే నాతో సహా, కాలవగట్టు మీదికి వెళ్ళాం. అటుపక్క కోతలయిన మాగాణిలో మినుము చేలు. టార్చి పూర్తిగా వేశాం. అబ్బ! అంతదూరాన ఉన్న గడ్డివాము, దానిమీద కునుకు తీస్తున్న కొంగతో సహా కనిపించింది. డబ్బామీద 250 మీటర్లని రాసి ఉంది. అలా రాశారంటే అంతదూరాన అచ్చులు చదవవచ్చని అర్థం కాదండీ. అక్కడ పడే వెలుగు పున్నమి వెన్నెలపాటి ఉంటుందని మాత్రమే అర్థం. దూరం రెండింతలైతే వెలుగు నాలుగోవంతుకు తగ్గుతుంది.

రెండు నిమిషాలు గడిచేసరికి టార్చి మెడ దగ్గర చెయ్యి చురుక్కుమంది. వెలుగు దానంతట అదే తగ్గిపోయింది. పాడైందేమోనని కంగారుపడ్డాను. కాదట. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి అలా తగ్గించుకుంటుందట. అంటే డబ్బామీద పెద్ద అక్షరాలతో వేసిన ఆ మూడువేలూ కాసేపటి ముచ్చటే.

మర్నాడు తెల్లవారుజామున మంచులో మళ్ళీ వేసి చూశాం. ఎదురుగా పాలు పోసినట్టు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. వెలుగంతా మంచుబిందువులకు తగిలి మన కళ్ళమీదికే తిరిగివచ్చింది. జడివానలోనూ ఇంతే. అప్పుడు వెలుగు తగ్గించి, కాళ్ళముందు నేలకు పట్టుకుంటేనే దారి తెలుస్తుంది. వరద నీళ్ళతో పాములూ తేళ్ళూ కొట్టుకువస్తాయి కాబట్టి, మనకు కావలసింది కూడా అడుగు వేసేచోట వెలుగే.

మా మేనత్త గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆవిడ 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. ఆ రాత్రి సముద్రం ఊళ్ళమీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. "ఏమే, ఆ కొంగను నిద్రలేపి ఏం చేస్తారే? ఆ రాత్రి లాంతరు ఆరిపోయాక, పేరుపేరునా పిలిచి, చేతులు తడిమి మనుషుల్ని లెక్కపెట్టుకున్నాం. ఊరంతా కనపడక్కర్లేదు. పక్కనున్న మనిషి మొహం కనపడి, తెల్లవారేదాకా ఆరకపోతే అదే పదివేలు" అంది.

ఆ మాట నా మనసులో పడిపోయింది. విజయవాడ వచ్చాక కాగితం, కలం పట్టుకుని లెక్క వేశాను. భయపడకండి, చాకలిపద్దు వేయడం వచ్చినవారికి ఇదీ వస్తుంది. టార్చిలో ఉన్న లిథియం బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్, 3.6 వోల్టులు అని ఉంది. 5000 అంటే ఐదు ఆంపియర్-అవర్లు. ఐదును 3.6తో హెచ్చవేస్తే 18 వాట్-అవర్లు. అదీ మన డబ్బాలో ఉన్న సరుకు. ఇలాంటి టార్చి ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, మూడువేల ల్యూమెన్లకు 30 వాట్లు కావాలి. అంటే వేడి సంగతి పక్కన పెట్టినా, 36 నిమిషాల్లో డబ్బా ఖాళీ. అదే 100 ల్యూమెన్లతో సరిపెట్టుకుంటే వాటుకు కాస్త అటూ ఇటూ. లెక్కప్రకారం 18 గంటలు, మధ్యలో పోయే తరుగు తీసేసినా పదిహేను గంటలు.

లెక్క సరే, నిజమో కాదో చూడాలి కదా. ఒక సాయంత్రం ఆరింటికి చిన్న వెలుగుకు తిప్పి, స్టీలు గ్లాసులో నిలబెట్టి గది మధ్య పెట్టాను. వెలుగు తెల్లటి కప్పుకు తగిలి గదంతా పరుచుకుంది. అందరం ఆ వెలుగులోనే భోంచేశాం. మందుసీసా మీది సన్నటి అక్షరాలు కూడా చదివి చూశాను. మర్నాడు ఆరింటికి లేచి చూస్తే ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ గ్లాసు కిటుకు ఆనాడే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో! కాకపోతే పెద్ద వెలుగులో ఉన్నప్పుడు మాత్రం గ్లాసులో బోర్లించడం, గుడ్డ కప్పడం పనికిరాదు. నల్లబట్ట అయితే కాలిపోతుంది కూడా.

ఇక చివరి పరీక్ష మా అత్తగారిది. ఆవిడకు 74 ఏళ్ళు. ఒక రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, "అత్తయ్యగారూ, మంచం దగ్గర టార్చి పెట్టాను, వేయండి" అన్నాను. తడుముకుంటే ముందు టార్చి మంచం కిందికి దొర్లిపోయింది. తీసి ఇచ్చాను. ఒకటే మీట. ఒకసారి నొక్కితే చిన్న వెలుగు, మళ్ళీ నొక్కితే పెద్దది, రెండుసార్లు గబగబా నొక్కితే మిణుకుమిణుకు. ఆవిడ కంగారులో రెండుసార్లు నొక్కారు. గదంతా మెరుపులు! కళ్ళు మూసుకుని "అమ్మాయ్, ఆపవే తల్లీ!" అన్నారు. నేను ఆపాను. ఆపిన తర్వాత ఆవిడకు గడప కూడా కనిపించలేదు. చీకటికి అలవాటుపడిన కంటిమీద పెద్ద వెలుగు కొడితే, మళ్ళీ చీకట్లో చూపు కుదుటపడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. శుక్లాలున్న కళ్ళయితే మరీ అవస్థ. ఆ చీకట్లో ఆవిడ కాలు జారి ఉంటే మా తమ్ముడి మూడువేల ల్యూమెన్లూ ఎందుకు?

అందుచేత మా ఇంట్లో ఇప్పుడు రెండు టార్చీలు. మా తమ్ముడిచ్చింది వీధి గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంది. అది ఆపదకు. రాత్రివేళ పడవ వస్తే మనం ఎక్కడున్నామో చూపించడానికి ఆ మిణుకుమిణుకు బాగా పనికివస్తుంది. అయితే పడవ నడిపేవాడి కళ్ళలోకి కొట్టకండి, అతనికి దారి కనిపించదు. మీ ఇంటి గోడమీద కొట్టండి, ఇల్లే కనిపిస్తుంది. రెండోది అత్తగారి తలగడ పక్కన. పెన్సిలు బ్యాటరీలతో పనిచేసే చిన్నది, ముందుకు తోస్తే వెలిగే మీట, చేతికి తగిలించుకునే తాడు, అంతే. కరెంటు లేని రోజుల్లో ఛార్జి పెట్టుకునే వీలుండదు కనుక, దుకాణంలో దొరికే బ్యాటరీలతో వెలిగేది ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. ఆ పెన్సిలు బ్యాటరీల్లో అదనపు జత ఒకటి విడిగా కాగితంలో చుట్టి ఉంచండి. కారిపోయిందేమో అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి.

కొనేటప్పుడు ఇంకొక్క మాట. డబ్బామీద ఐపీఎక్స్4 అని ఉంటే వాన తుంపర్లకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా చెడదు. ఛార్జి పెట్టే కన్నానికి రబ్బరు మూత సరిగా మూయకపోతే మాత్రం ఏ అంకె ఉన్నా లాభం లేదు. లిథియం బ్యాటరీని ఎండలో ఉంచకండి. ఉబ్బినట్టు కనిపిస్తే వాడకండి, చెత్తబుట్టలోనూ వేయకండి. పిల్లలకు ఆటకు అసలే ఇవ్వకండి.

మేము అమావాస్య అమావాస్యకూ పది నిమిషాలు ఇంట్లో దీపాలు ఆర్పి చూసుకుంటున్నాం. మీరూ ఈ అమావాస్యకు అలా చేసి చూడండి. ఇంట్లో అందరికంటే పెద్దావిడను టార్చి వెతికి వెలిగించమనండి. ఆవిడ చేతికి దొరికి, ఆవిడ వేళ్ళకు లొంగి, ఆవిడ మందుసీసా చదవగలిగితే మీ ఇంట్లో వెలుగున్నట్టే. లేకపోతే లోపం ఆవిడది కాదు, మనం కొన్న వస్తువుది. మా అత్తగారు మొన్న అమావాస్యకు నేను అడగకుండానే వేశారు. వేసి నా మొహంమీద కాదు, నా కాళ్ళముందు పట్టుకుని, "జాగ్రత్తగా రావే, గడప ఉంది" అన్నారు.