నర్సు పనిలో మా తొలి పాఠాలు

(సొసైటీ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)

 

మేము ఇద్దరము ఈ కాటారం పిల్లలమే. ఇంటర్ అయిన తరువాత జి.ఎన్.ఎం. అనే 3 సంవత్సరాల నర్సింగు కోర్సులో చేరినాము. మొదటి సంవత్సరం పూర్తి అయి ఇప్పుడు రెండవ దానిలో ఉన్నాము. మా ఫీజులో కొంత భాగం సొసైటీవారు భరించిన సంగతి మీకు తెలుసు. అందుకని కార్యదర్శి గారు, "పైసలు ఇచ్చినోళ్ళకు లెక్క చెప్పాలె గదా, మీరేం నేర్చుకున్నరో వచ్చి చెప్పున్రి" అన్నారు. మాకు ప్రసంగాలు రావు. మేము నేర్చుకున్నవన్నీ చేతి పనులు. వాటిని నోటితో చెప్పడం కొంచెం కష్టమే, అయినా ప్రయత్నిస్తాము.

చేరకముందు మా దృష్టిలో నర్సు అంటే సూది. మన దిక్కు అందరి లెక్క అదే గదా. జ్వరం వస్తే సూది పడాలె, సూది వేయకుండా గోళీలు రాసి పంపిన డాక్టరుకు ఏమీ రానట్టే. మేము కూడా పోయిన వారంలోనే సూది పట్టిస్తారనుకున్నాము. నెలలు గడిచినా సూది ముట్టనీయలేదు. మొదట నేర్పింది చేతులు కడగడం! మాకు నవ్వు వచ్చింది. రోజుకు ఐదు పూటలు వుజూ చేసేవాళ్ళము, చేతులు కడగడం మాకు ఒకరు నేర్పాలా అనుకున్నాము.

టీచరమ్మ మా చేతులకు రంగు పూసి, కళ్ళు మూసుకొని ఎప్పటివలె కడగమన్నారు. కళ్ళు తెరిచి చూస్తే అరచేతులు తెల్లగా ఉన్నవి. బొటనవేలి చుట్టూ, వేళ్ళ సందులలో, గోళ్ళ కొసలకు రంగు అట్లనే ఉన్నది. రోగిని తాకేది ఎక్కువగా ఆ వేళ్ళ కొసలే. సబ్బుతో కడిగితే మొత్తం 40 నుండి 60 సెకండ్లు పట్టాలె, అరచేయి, వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు ఒక వరుస ప్రకారం కావాలె. గాజులు, ఉంగరాలు, చేతి గడియారం తీసివేయాలె. మోచేతి కింద బట్ట ఉండరాదు. 1847లో వియన్నా నగరంలోని ఒక ప్రసూతి దవాఖానలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగిన తరువాతనే బాలింతలను ముట్టాలని కట్టడి చేసినాడు. బాలింతల చావులు ఒక్కసారిగా తగ్గిపోయినవి. అయినా ఆనాటి డాక్టర్లు చాలామంది ఆయన మాట నమ్మలేదు. మేము నవ్వినట్టే వాళ్ళూ నవ్వి ఉంటారు.

తరువాత పక్క వేయడం. ఇది కూడా పనేనా అనిపించింది. రోగి పడుకొని ఉండగానే, అతన్ని లేపకుండా, కింద దుప్పటి మార్చి, ఒక్క ముడత లేకుండా బిగించడం మాకు నెల రోజులకు గాని రాలేదు. దుప్పటి ముడత మీద, తడి మీద కదలకుండా గంటలకొద్దీ పడుకున్న మనిషికి నడుము కింద, మడమల దగ్గర, తుంటి ఎముక మీద చర్మం చితికి పుండు పడుతుంది. పక్షవాతంతో మంచం పట్టిన దాదీలు, నానాలు మనలో ఎన్ని ఇండ్లల్లో లేరు! ఆ పుండ్లను చూసి "ముసలితనం గదా" అని ఊరుకుంటాము. అది ముసలితనం పుండు కాదు, తిప్పకపోవడం వల్ల వచ్చిన పుండు. రెండు గంటలకొకసారి ఈ పక్క నుండి ఆ పక్కకు తిప్పితే చాలా వరకు రాకుండా ఆపవచ్చు. స్నానం చేయించేటప్పుడు ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడండి. వదలగానే ఆ ఎరుపు ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ రాకుండా, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టు. అక్కడ నూనె పెట్టి రుద్దకూడదు, బరువు తీసివేయాలె. మాలో ఒకరి నానీ మూడేండ్లు మంచం మీద ఉండి పోయినది. ఈ పాఠం విన్న రోజు రాత్రి మేము హాస్టలులో అన్నం తినలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఇది చెప్పాలా వద్దా అని మాలో మేము చాలా ఆలోచించినాము. చెప్పకపోతే మేము నేర్చుకున్నదానిలో ముఖ్యమైనది దాచినట్టే గనుక చెబుతున్నాము.

నర్సు రోజూ రోగి దగ్గర చూడవలసినవి నాలుగు ఉంటాయి. ఒంటి వేడి, నాడి, శ్వాస, బీపీ. పెద్దవాళ్ళకు నాడి నిమిషానికి 60 నుండి 100 వరకు, శ్వాస 12 నుండి 20 వరకు ఉండాలె. థర్మామీటరు పెడితే అంకె అదే చూపుతుంది. బీపీకి యంత్రం ఉన్నది. నాడికి వేలు ఉన్నది. శ్వాసకు ఏ పరికరమూ లేదు. మన కన్ను, ఒక గడియారం, పూర్తిగా ఒక నిమిషం ఓపిక, అంతే. అందుకే అందరూ దాన్నే ఎగవేస్తారు.

వార్డు పేరు, దవాఖాన పేరు చెప్పము, తప్పు మాది. తెల్లవారుజామున ఆరు గంటలకు ఆడవాళ్ళ వార్డులో మేమిద్దరము చార్టులు నింపుతున్నాము. ఇరవై మందికి పైగా రోగులు. ఏడు గంటలకల్లా పెద్ద సిస్టరుకు చూపాలె. నాడిని పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేసినాము. శ్వాస గడిలో ముందు రోజుల అంకెలు చూస్తే వరుసగా 20, 20, 20 అని ఉన్నవి. మేము కూడా అందరికీ 20 అని రాసుకుంటూ పోయినాము. మూలమంచం మీద ఒక ముసలమ్మ. రాత్రంతా మూలుగు లేదు, పిలుపు లేదు, గోడవైపు తిరిగి పడుకున్నది. నెమ్మదిగా ఉన్నదనుకొని ఆమెకూ 20 వేసినాము.

పెద్ద సిస్టరు వచ్చినారు. చార్టు అందుకోలేదు. ఆ ముసలమ్మ మంచం దగ్గర నిలబడి, ఆమె పొట్ట వైపు, గోడ గడియారం వైపు చూస్తూ నిమిషం సేపు ఉన్నారు. మాకు ఆ నిమిషం ఎంతకూ గడవలేదు. "ముప్పై నాలుగు. మీరెంత రాసిన్రు?" అన్నారు. మేము మాట్లాడలేదు. వెంటనే ఆక్సిజన్ పెట్టించి డాక్టరును పిలిపించినారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులకు నిమ్ము పట్టినట్టు తేలింది. అల్లా దయవల్ల ఆ తల్లి బతికి, ఎనిమిది రోజులకు నడిచి ఇంటికి పోయినది. పోతూ పోతూ మా ఇద్దరి తలమీద చెయ్యి పెట్టి దీవించింది. మా సంగతి ఆమెకు తెలియదు.

సిస్టరు మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. సాయంత్రం కూర్చోబెట్టి ఒకే మాట అన్నారు: "ఆ గడి ఖాళీగా వదిలిపెట్టినా బాగుండేది పిల్లా. ఖాళీ చూసి ఇంకొకరు వచ్చి లెక్కపెడుదురు. ఇరవై అని రాస్తే ఇంకెవ్వరూ లెక్కపెట్టరు."

ఆ తరువాత మా పుస్తకంలో ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి చదివినప్పుడు మాకు వేరే తీరుగా అర్థమైంది. బడిలో ఆమె అంటే చేతిలో దీపం పట్టుకున్న బొమ్మ. 1854లో ఆమె పోయి పనిచేసింది టర్కీలోని స్కుటారిలో, అనగా ఇప్పటి ఇస్తాంబుల్ నగరంలోని ఉస్కుదార్‌లో. సుల్తాను ప్రభుత్వం ఇంగ్లీషువారికి ఇచ్చిన సైనిక బారకాసు అది. అక్కడ సిపాయిలు గాయాల కంటె ఎక్కువగా కలరా, టైఫాయిడు వంటి జబ్బులతో పోతున్నారని ఆమె చావులను లెక్కగట్టి, పటాలు గీసి, పెద్దల ముందు పెట్టింది. దీపం కంటె ఆ లెక్కల పుస్తకమే పెద్ద పని చేసిందని మా అభిప్రాయం.

శ్వాస లెక్కించేటప్పుడు "నీ శ్వాస చూస్తున్న" అని చెప్పకూడదు. చెబితే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చుతాడు. నాడి చూసిన తరువాత మణికట్టు వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండి, కళ్ళు మాత్రం రొమ్ము మీదికి తిప్పాలె. చద్దరు కప్పుకున్న ఆడవాళ్ళకు ఆ చేతినే పొట్ట మీద పెట్టుకోనిస్తే లేవడం, దిగడం మన వేళ్ళకే తెలుస్తుంది. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. రెండూ వేరువేరుగా లెక్కపెట్టి రెట్టింపు రాసిన వాళ్ళూ మా క్లాసులో ఉన్నారు.

ఈ లెక్క దవాఖానలోనే కాదు, చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో అవసరమైనది. దగ్గు, జలుబుతో ఉన్న పిల్లవాడికి నిమ్ము పట్టిందో లేదో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గుర్తు కూడా శ్వాసే. రెండు నెలలు నిండని పసికందుకు నిమిషానికి 60 గాని ఆపైన గాని ఉంటే, రెండు నెలల నుండి ఏడాది వరకు 50 గాని ఆపైన గాని, ఏడాది నుండి ఐదేండ్ల వరకు 40 గాని ఆపైన గాని ఉంటే అది వేగమైన శ్వాస. పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే తప్పు వస్తుంది. నిద్రలో గాని, ఒళ్ళో నెమ్మదిగా ఉన్నప్పుడు గాని అంగీ పైకి జరిపి పూర్తి నిమిషం చూడాలె. శ్వాస తీసుకున్నప్పుడల్లా రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, మన భాషలో డొక్కలు ఎగరేస్తుంటే, పాలు పట్టకపోతే, పిల్లవాడు మత్తుగా ఉంటే "పొద్దున చూద్దాం" అనరాదు. 108కి ఫోను చేయాలె. ఛాతీ మీద వాత పెట్టించడం వంటివి ఇంకా కొన్నిచోట్ల ఉన్నవి, దయచేసి మానుకోండి.

మన ఊరి సంగతి మీకు చెప్పనక్కర లేదు. చౌరస్తా నుండి మహదేవపూర్‌కు, మంథనికి, భూపాలపల్లికి దారులున్నవి గాని, పెద్ద జబ్బు అయితే వరంగల్ ఎం.జి.ఎం. దాకా పోవలసిందే. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు ఆ దారి కూడా తెగిపోయింది. అటువంటి రాత్రి ఇంట్లో ఎవరికో ఒకరికి లెక్క వస్తే, ఎప్పుడు బయలుదేరాలెనో ముందే తెలుస్తుంది.

బీపీ గురించి రెండు మాటలు. మొదటిసారి చెవులకు స్టెతస్కోపు పెట్టుకొని గాలి వదులుతుంటే మాకు ఏమీ వినబడలేదు. వినబడిందల్లా మా గుండె చప్పుడే! రోగి ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చున్న తరువాత, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడాలె. బుర్ఖా చేయి మీద, స్వెటరు మీద పట్టీ చుట్టరాదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపుతుంది. శిబిరాలలో చూపించుకునేటప్పుడు మీరే అడిగి సరిచేయించుకోండి, సిగ్గుపడే పని లేదు.

సూది ఇప్పుడిప్పుడే బొమ్మ మీద నేర్చుకుంటున్నాము. పిరుదులో తప్పు చోట గుచ్చితే కాలికి పోయే పెద్ద నరం దెబ్బతిని పాదం వాలిపోతుందని తెలిసిన తరువాత, "ఒక సూది వేయి బిడ్డా" అని ఇంటికి వచ్చి అడిగే చుట్టాలకు ఏం చెప్పాలెనో మాకు తెలిసింది. ఎవరూ కోపగించుకోవద్దు.

ఇక ఒక మాట తల్లిదండ్రులతో. మేము చేరుతామన్నప్పుడు బంధువులలో కొందరు కాదన్నారు. రాత్రి డ్యూటీలు, పరాయి మగవాళ్ళను ముట్టడం, పెండ్లి సంబంధాలు రావు అన్నారు. వాళ్ళ భయంలో నిజం లేదని మేము అనము. రాత్రి డ్యూటీ కష్టమే. మగ రోగికి ఒళ్ళు తుడిచిన మొదటి రోజు మా చేతులు వణికినవి. ఆ మనిషి కూడా సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ తెర కట్టి, తుడిచే భాగం తప్ప మిగతా ఒళ్ళంతా కప్పి ఉంచి చేయాలని మాకు నేర్పినారు. రోగికి మర్యాద కాపాడడం కూడా మా పరీక్షలో మార్కులున్న పాఠమే. మాకు స్కార్ఫు కట్టుకోనిచ్చినారు. ప్రవక్త (స) కాలంలో రుఫైదా అనే అస్లమ్ తెగ స్త్రీ మదీనా మసీదు దగ్గర గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసినట్టు చరిత్రకారులు రాసినారు. క్రీ.శ. 627లో ఖందక్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) గారిని ఆమె గుడారానికే పంపినారు. ఢిల్లీలో జామియా హమ్‌దర్ద్ వారి నర్సింగు కాలేజీకి ఆమె పేరే పెట్టినారు. మా అబ్బాజాన్‌లకు ఈ సంగతి చెప్పి ఒప్పించింది మన మసీదు పెద్దలలో ఒకరే. వారు ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు.

ఈసారి మన దగ్గర ఇంటర్ పాసైన ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. చేరదలచినవాళ్ళు ముందుగా ఆ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా, వాళ్ళ పిల్లలను నేర్చుకోవడానికి ఏ దవాఖానకు పంపుతారు అని అడగండి. దవాఖాన లేని నర్సింగు కాలేజీలో చేతికి పని రాదు.

సభ అయిన తరువాత భోజనాలు పెట్టేలోపు మేమిద్దరము వెనుక వరండాలో చాప వేసుకొని కూర్చుంటాము. సెకండ్ల ముల్లున్న గడియారం మా దగ్గర ఉన్నది. శ్వాస లెక్కపెట్టడం నేర్చుకోవాలనుకునే తల్లులు రండి. ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలుంటే లేపకుండా అట్లనే ఎత్తుకొని తీసుకురండి.