మన మండలం ఎవరి లెక్కలో ఉంది?

(అబ్దుల్లాపూర్‌మెట్‌లో దళిత యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మాకు ఇచ్చిన విషయం 'మన మండలం: భూమి, జనం'. వింటే ఐదో తరగతి పాఠం లాగుంది. బడిపంతుళ్లం కాబట్టి పాఠంగానే మొదలుపెడతాం. గంగానది ఎక్కడ పుట్టిందో మన పిల్లలకు తెలుసు. తమ వాడకు నీళ్లు ఏ చెరువువో, ఆ చెరువు కింద ఎన్ని ఎకరాలున్నాయో, అందులో తమ తాతకు ఎన్ని గుంటలున్నాయో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. ఆ పుస్తకం మనమే రాసుకోవాలె.

2016 అక్టోబర్ 11న జిల్లాలు పంచినప్పుడు పాత హయత్‌నగర్ మండలం నుంచి విడిపోయి అబ్దుల్లాపూర్‌మెట్ మండలమైంది. నడుమ నుంచి విజయవాడ రోడ్డు పోతుంది. రోడ్డుకు ఉత్తరాన పల్లం, మూసీ ఒడ్డు: తారామతిపేట, కుత్బుల్లాపూర్, గౌరెల్లి, బాచారం. దక్షిణాన గుట్టలు, చెల్కలు: అనాజ్‌పూర్, కోహెడ, తొర్రూర్, మునగనూరు, తుర్కయాంజాల్. ఏడాదికి దాదాపు 750 మిల్లీమీటర్ల వాన. అది కూడా కాలం మంచిగుంటేనే. ఎర్రటి దుబ్బ నేల, కింద నల్లరాయి. ఇట్లాంటి నేలలో ఎవుసం ఎట్ల చేయాలో పరిశోధించడానికి కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ హయత్‌నగర్‌లోనే ఒక క్షేత్రం పెట్టుకున్నది. ఈ నేలను అంతకుముందు నుంచే పరిశోధించినవాళ్లు మనోళ్లు. జొన్న ఎక్కడ నిలబడుతుందో, ఆముదం ఎక్కడ పండుతుందో, బావి ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో చెప్పింది వాళ్లే. వాళ్లకు పట్టా రాలేదు, పట్టభద్రత రాలేదు.

ఊర్ల పేర్లు చూడండి. అబ్దుల్లాపూర్, కుత్బుల్లాపూర్, మజీద్‌పూర్, ఉమర్‌ఖాన్‌గూడ, జాఫర్‌గూడ. పక్కన కుతుబ్‌షాహీ రాజకుమారి హయత్ బక్షీ బేగం పేరు మీద హయత్‌నగర్. చెరువు తవ్విన మాదిగ పేరు మీదనో, కట్ట కావలి కాసిన మాల పేరు మీదనో ఒక్క ఊరైనా ఉందా అని వెతికినం. దొరకలేదు.

నిజాం కాలంలో పట్నం చుట్టూ ఉన్న నేల అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. నిజాం సొంత ఖర్చులకు పెట్టుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ అది. 1949లో దాన్ని ప్రభుత్వంలో కలిపారు. అదే ఏడు జాగీర్లు పోయినయి. జాగీరు పోయింది గానీ పటేల్, పట్వారీ పోలేదు. కాయితం వాళ్ల చేతిలోనే ఉండె. నీరటి పని, వెట్టి పని చేసిన మనోళ్లకు నోటిమాటగా వచ్చిన చెక్కలు పహాణీలోకి ఎక్కేటప్పటికి ఎవరి పేరు మీద ఎక్కినయో ప్రతి వాడలో ఒక ముసలాయన చెప్తాడు. ఆ ముసలోళ్లు పోకముందే అడిగి రాసుకోండి.

మన పక్కనే పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చి ఏం కావాలని అడిగితే, వాడవాళ్లు ఎనభై ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానన్నాడు. భూదానోద్యమం అట్ల పుట్టింది. ఇచ్చినాయన పేరు పుస్తకంలో ఉంది. నోరు తెరిచి అడిగిన మనోళ్ల పేర్లు లేవు. భూదానం అయిందన్న భూమి ఎవరి చేతిలో ఉందనేది వేరే కథ. మన కుంట్లూరులో 2023లో కూడా పేదలు భూదాన భూమిలో గుడిసెలు వేసుకోవలసి వచ్చిందంటే డెబ్బై ఏళ్లలో ఏం పంచారో చూసుకోండి.

ఇప్పుడు మూసీ పక్కకు పోదాం. పట్నం మురికంతా మోసుకొచ్చే నీళ్లు. ఆ నీళ్లతోనే వరి, ఆకుకూర, పశువుల గడ్డి. పొద్దుగాల పట్నం తినే పాలకూర, పట్నం బర్రెలు తినే గడ్డి మోకాలి లోతు నీళ్లలో నిలబడి కోసేది మన ఆడవాళ్లు. కాళ్లు పాసిపోతయి, దురదలు పెడతయి. భూగోళశాస్త్రంలో దీన్ని 'నీటి వసతి' అంటారు.

జనం సంగతి. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడ్డది. ఆ పాత జిల్లా జనాభా 2001లో 35 లక్షల 75 వేలు, 2011లో 52 లక్షల 96 వేలు. పదేళ్లలో సగానికి సగం పెరిగింది. వాడల్లో పిల్లలు ఎక్కువ పుట్టి పెరిగిన లెక్క కాదది. పట్నం నడిచి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ దాటింది, ఎల్బీనగర్ దాటింది, వనస్థలిపురం దాటింది. 1996లో ఫిల్మ్‌సిటీ వచ్చింది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు పెద్ద అంబర్‌పేట మీదుగా పోయింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం చేరింది. ద్రాక్ష తోటలు పోయి వెంచర్లు వచ్చినయి. తోటలో కూలికి పోయిన అవ్వ మనవడు అదే జాగల వాచ్‌మన్. నేల మారలేదు, ధర మారింది. ఆ ధరలో మనకు వచ్చిందేమిటి?

ఎక్కువమందికి ఉన్నది అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మొద్దు, కొనొద్దు. మంచిదే. కానీ సర్కారుకు అవసరమైతే వెనక్కి తీసుకుంటామంటారు, ఏదో కొంత చేతిలో పెడతామంటారు. తీసుకోనీయకండి అనడానికి ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తీర్పు చెప్పింది: అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టే పూర్తి మార్కెట్ ధర ఇవ్వాలె. ఆ కేసు మన జిల్లా చేవెళ్ల డివిజన్‌దే. ఈ మాట తెలియక సంతకం పెట్టి వచ్చినోళ్లు ఎంతమందో.

కాయితం ఎంత భయంకరమైందో ఈ మండలానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 నవంబర్ 4న ఇదే ఊరిలో తహసీల్దార్ విజయారెడ్డిని ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవరు పోయాడు. తగలబెట్టినాయన కూడా పోయాడు. వెనక ఉన్నది బాచారం భూముల తగాదా. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు, మేమూ సమర్థించం. కానీ మరుసటి ఏడు వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమే లేకుండా చేశారు. దున్నేవాడు కాయితంలోంచే మాయమయ్యాడు. దాన్ని ప్రశ్నించినవాళ్లు తక్కువ. రైతుబంధు కూడా 2018 నుంచి పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకు ఇవ్వలేదు.

పెద్ద అంబర్‌పేట, తుర్కయాంజాల్ మున్సిపాలిటీలైనయి. ఊరు పట్నమైందని బ్యానర్లు కట్టారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పల్లెలకే వర్తించింది. బోర్డు మారిన రోజే మన ఆడవాళ్ల జాబ్‌కార్డు చిత్తుకాయితమైంది. ఇంటిపన్ను మాత్రం పట్నం లెక్కనే వచ్చింది.

ఇక మేము ఇక్కడికి వచ్చిన అసలు పని. జనం లెక్క రాసేది కూడా మా పంతుళ్లే. 1931 జనగణనప్పుడు భాగ్యరెడ్డివర్మ పోరాడి నిజాం రాజ్యంలో మనవాళ్లను 'ఆది హిందువు'లుగా రాయించారు. పేరు రాయించుకోవడమే ఒక ఉద్యమం అని ఆయన తొంభై ఏళ్ల కిందటే తెలుసుకున్నారు. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీలను తప్ప ఏ కులాన్నీ లెక్కపెట్టలేదు. 2021లో జరగవలసిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా, కులంతో సహా జరగాలని 2025లో నిర్ణయమైంది. ఈ మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం 2024 చివర చేసిన ఇంటింటి సర్వేలో ఎస్సీలు 61 లక్షల 84 వేలు తేలారు, నూటికి 17.43. 2011లో నూటికి 15.45. మా రిజర్వేషన్ అక్కడే 15 దగ్గర ఆగింది.

లెక్కాయన వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి చెప్పవలసింది చెప్పండి. కులం పేరు అడిగితే 'ఎస్సీ' అని ఊరుకోకండి. మాల అయితే మాల, మాదిగ అయితే మాదిగ, డక్కలి, మాస్టిన్ అయితే అదే. 2025లో వర్గీకరణ చట్టం వచ్చినంక ఈ మాట మరీ ముఖ్యం. మాల, మాదిగ అన్నదమ్ములు దీనిమీద కొట్లాడుకుంటే చూసి నవ్వేటోళ్లు వేరే ఉన్నారు. పని అడిగితే 'ఏమీ లేదు' అనకండి. 2011 దాకా జనగణనలో కౌలుకు దున్నినవాడు కూడా సాగుదారే. కౌలు చేసినవాళ్లు 'కూలి' అని రాయించుకుంటే రేపు కౌలుదారు లెక్క అడిగే దిక్కుండదు. మన ఆడవాళ్లు గడ్డి కోసి అమ్మినా, నాటు వేసినా అది పనే, 'ఇంటిపని' కాదు. చర్చికి పోయేవాళ్ల సంగతి కష్టమైంది. 1950 ఉత్తర్వు ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడైతేనే ఎస్సీ. వాడ అదే, బావి అదే, అవమానం అదే, కాలమ్ వేరే. అబద్ధమాడమని మేము చెప్పం. ఆ ఉత్తర్వు మారాలని అడుగుతాం.

సర్కారు లెక్క వచ్చేలోపల మన లెక్క మనం చేసుకోవాలె. ప్రతి వాడకు ఇద్దరు, ఒక ఆడపిల్ల ఒక మగపిల్లగాడు, రెండొందల పేజీల నోటుబుక్కు. ఇంటికి ఒక పేజీ. మనుషులెందరు, చదువెంత, తాత దున్నిన భూమి సర్వే నంబరేది, ఇప్పుడు ఆ జాగలో ఏముంది, కాయితాలేమున్నాయి. పాత పహాణీ నకలుకు మీసేవలో దరఖాస్తు పెట్టుకోండి, రసీదు నోటుబుక్కుకు అంటించండి. బాటసింగారం, అనాజ్‌పూర్, గౌరెల్లి వాడలతో మొదలుపెడదాం. పేర్లిచ్చేవాళ్లు సభ అయినంక ముందుకు రండి, నోటుబుక్కులు మేము తెచ్చినం.