మూడు చుట్లు, 211 చుట్లు

తిరువణ్ణామలై గిరిప్రదక్షిణ దారి పొడవు సుమారు 14 కిలోమీటర్లు. ఆ కొండను మూడుసార్లు చుట్టివస్తే దాదాపు ఒక మారథాన్ పూర్తయినట్టే. అదే 42.195 కిలోమీటర్లను కప్పు కింద, 200 మీటర్ల ఇండోర్ ట్రాక్ మీద పరుగెత్తాలంటే 211 చుట్లు తిరగాలి. దూరం అంతే. ఒంటికి పడే శ్రమ మాత్రం వేరు. కారణం మలుపులు.

ఇండోర్ మారథాన్ నిన్న మొన్నటిది కాదు. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి, గమ్యం దగ్గర పదేపదే కూలిపోయాడు. అధికారులు లేపి నడిపించారు. ఆ సాయమే అతని పతకాన్ని పోగొట్టింది, బంగారం అమెరికాకు చెందిన జానీ హేస్‌కు దక్కింది. అదే ఏడాది నవంబరు 25న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ భవనంలో ఇద్దరినీ మళ్లీ పోటీకి దింపారు. మైలుకు పది చుట్లు, పైగా హాలు నిండా జనం కాల్చిన చుట్టల పొగ! ఈసారి డొరాండోదే గెలుపు. ఆ పొగలో 42 కిలోమీటర్లు పరుగెత్తి నిలబడడం ఒలింపిక్ పతకానికి ఏమాత్రం తీసిపోదు.

అదే నగరంలో 2019లో సీజే ఆల్బర్ట్‌సన్ అనే పరుగువీరుడు ఇండోర్ ట్రాక్ మీద మారథాన్‌ను 2 గంటల 17 నిమిషాల 59 సెకన్లలో ముగించాడు. అంటే చుట్టుకు సుమారు 39 సెకన్లు. చుట్టుకు రెండు మలుపులు, మొత్తం 422. అన్నీ ఎడమ వైపుకే.

మలుపులో శరీరం బయటికి విసురుకుపోకుండా కాళ్లు నేలను పక్కకు నెట్టాలి. ఇండోర్ ట్రాక్ మలుపు వ్యాసార్ధం 17 మీటర్ల పైచిలుకు. ఆల్బర్ట్‌సన్ వేగానికి ఆ నెట్టుడు శరీర బరువులో సుమారు 15 శాతం. అందుకే ఇలాంటి ట్రాక్‌ల మలుపులను బయటి వైపు ఎత్తు చేసి, వాలుగా కడతారు. మారథాన్‌ను ఐదు గంటల్లో పరుగెత్తేవారికి ఆ నెట్టుడు మూడు శాతమే. అయినా లోపలి కాలు ఒక తీరున, బయటి కాలు మరో తీరున గంటల తరబడి పనిచేస్తే చీలమండ, మోకాలి పక్క, తుంటి ఊరుకోవు. 2022లో బెంగళూరులో జరిగిన 24 గంటల పోటీలో అమర్ సింగ్ దేవాంద 257 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. 400 మీటర్ల ట్రాక్ లెక్కన 640 చుట్లు దాటాయి. ఇంత సుదీర్ఘమైన పోటీల్లో చాలాచోట్ల కొన్ని గంటలకోసారి దిశ మార్పిస్తారు.

మరి తమిళనాడులోని కావేరిపాక్కం, వేలూరు, గుడియాత్తం వాళ్లకు దీంతో ఏం పని? కత్తెర ఎండల్లో పొద్దెక్కితే కావేరిపాక్కం చెరువు కట్ట మీద నడవలేం. అప్పుడు నడక హాల్లోకి వస్తుంది, సాయంత్రం మిద్దె ఎక్కుతుంది. ఈ ప్రాంతంలో ఎన్నో మిద్దెల మీద పెయింటుతో గీసిన 8 అంకె కనిపిస్తుంది. ఆ గీత మీద నడిచే ‘ఎనిమిది నడక’కు అంటగట్టే మహిమలన్నీ నమ్మనక్కర్లేదు. కానీ ఒక సుగుణం ఉంది: ఒక సున్నాలో కుడికి తిరిగితే, రెండో సున్నాలో ఎడమకు తిరుగుతాం. గుండ్రంగా నడిచేవారు ఐదు నిమిషాలకోసారి దిశ మార్చుకుంటే చాలు.

మూసిన గదిలో ఇంకో చిక్కు ఉంది. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. గాలి ఆడకపోతే చెమట ఊరికే జారిపోతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది. కాబట్టి కిటికీలు తెరిచి, ఫ్యాను వేసుకుని నడవండి. దాహమైతే నీళ్లో, ఉప్పు వేసిన మజ్జిగో తాగండి. అరికాళ్లలో స్పర్శ తగ్గిన మధుమేహులు గదిలోనైనా చెప్పులు వేసుకోవాలి. తల తిరిగినా, ఛాతీ బరువెక్కినా, మాట తడబడినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.