యూనిఫాం విప్పాక ఏ కాక్‌పిట్?

అమెరికా సైన్యం వదిలే పైలట్లను తరచూ ఓ ప్రశ్న వేధిస్తుంది. ఎయిర్‌లైన్‌లో చేరాలా? పోలీసు విమానం నడపాలా?

అవును, పోలీసు విమానమే. అక్కడి కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థకు సొంత విమానాలు, హెలికాప్టర్లు ఉన్నాయి. వాటి పైలట్లకు తుపాకీ ఉంటుంది, అరెస్టు చేసే అధికారమూ ఉంటుంది. మాదకద్రవ్యాలు మోసే పడవల్ని సముద్రం మీద వెంటాడేవాళ్లలో వీళ్లూ ఉంటారు.

పెద్ద ఎయిర్‌లైన్‌లో జీతం ఎక్కువ. కాదనలేం. కానీ అక్కడ అంతా సీనియారిటీ. ఏ ఊరు, ఏ విమానం, పండక్కి ఇంట్లో ఉంటారా లేదా, అన్నీ చేరిన తేదీని బట్టే. సైన్యంలో ఎన్నేళ్లు ఎగిరినా అక్కడ వరస చివరి నుంచే మొదలు. గడ్డుకాలం వస్తే ముందు ఇంటికి పంపేదీ ఆ చివరివాళ్లనే.

ప్రభుత్వ కొలువులో ఖాయమైన పింఛను ఉంది. అయితే మామూలుగా 57 ఏళ్లకే దిగిపోవాలి. ఎయిర్‌లైన్‌లో 65 దాకా ఎగరొచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పోలీసు కొలువులో చేరడానికి మామూలుగా వయసు హద్దుంది. ఎయిర్‌లైన్‌లో ఆలస్యమైతే సీనియారిటీ పోతుంది. అమెరికాలో మీవాళ్లెవరైనా ఈ మలుపులో ఉంటే, సైన్యంలో ఉండగానే లెక్క చూసుకోమని చెప్పండి.