ఆయుధం దించిన చేతికి నాగలి
(ఉపన్యాసపాఠం)



భూదానమహిమను గురించి నాలుగు మాటలు చెప్పుమని దేవస్థానంవారు ఆదేశించినారు. పురాణాలలోని భూదానకథలు మీరందరూ విన్నవే. కనుక నేడు సముద్రాలకు ఆవల, అమెరికా దేశంలో జరిగిన ఒక యథార్థవృత్తాంతాన్ని మనవి చేస్తాను. ధర్మం ఏ దేశంలో ఆచరింపబడినా ధర్మమే. లోపం ఏ దేశంలో కనిపించినా లోపమే.

ఆ దేశంలో అంతర్యుద్ధం సాగుతున్న కాలంలో, 1862వ సంవత్సరం మే 20వ తేదీన, అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ ఒక శాసనంపై సంతకం చేసినాడు. దానికి హోమ్‌స్టెడ్ చట్టమని పేరు. 21 ఏండ్లు నిండినవారుగాని, కుటుంబయజమానులుగాని స్వల్పమైన రుసుము చెల్లించి 160 ఎకరాల ప్రభుత్వభూమిని కోరవచ్చును. అయితే పట్టా వెంటనే చేతికి రాదు. ఐదేండ్లు ఆ నేలమీదనే నివసించాలి, ఇల్లు కట్టాలి, దున్ని పండించాలి. ఆ పిమ్మటనే అది అతని సొత్తు.

ఆ చట్టం 1863 జనవరి 1వ తేదీన అమలులోకి వచ్చినది. ఆ దినమే నెబ్రాస్కా సరిహద్దుసీమలోని బ్రౌన్‌విల్ భూమి కార్యాలయంలో డేనియల్ ఫ్రీమన్ అనే సైనికుడు దరఖాస్తు దాఖలు చేసినాడు. వెంటనే కొలువుకు మరలిపోవలసి ఉండుటచేత, అర్ధరాత్రి దాటగానే గుమాస్తాను బతిమాలి కార్యాలయం తెరిపించినాడని అక్కడివారు చెప్పుకుంటారు.

అతని తమ్ముడు యుద్ధకాలంలో మరణించినాడు. ఆ తమ్మునికి నిశ్చయమైన వధువు ఆగ్నెస్ సూటర్. ఫ్రీమన్ ఆమెతో ఉత్తరాలు నడిపి, 1865లో ఆమెను వివాహమాడి, బియాట్రిస్ పట్టణ సమీపంలోని ఆ పొలానికి తీసుకువచ్చినాడు. ఐదేండ్ల గడువు తీరినపుడు పొరుగువారు సాక్ష్యం చెప్పినారు: పద్నాలుగడుగుల వెడల్పు, ఇరువది అడుగుల పొడవు గల ఇల్లు, సుమారు 35 ఎకరాల సేద్యం, గొఱ్ఱెల కొట్టం, 40 ఆపిలు మొక్కలు, దాదాపు 400 పీచు మొక్కలు. యుద్ధంలో ఆయుధం పట్టిన చేయి మొక్కలు నాటినదని ఆ లెక్క చెప్పుచున్నది.

1872లో మరొక శాసనం వచ్చినది. సైనికుడు కొలువులో గడిపిన కాలాన్ని ఆ ఐదేండ్లలో తగ్గించినారు. అయినను కనీసం ఒక ఏడాది నేలమీద ఉండి తీరవలసినదే. ఈ చట్టం కింద చిట్టచివరి పట్టా 1988లో అలాస్కాలో కెన్నెత్ డీర్‌డార్ఫ్‌కు లభించినది. ఆయనయు వియత్నాం యుద్ధంలో పాల్గొన్న సైనికుడే. మొదటివాడూ సైనికుడు, చివరివాడూ సైనికుడు!

ఇంతవరకు శోభ. ఇక విచారణ చేయాలి. పొలం మొదట మోళ్లు పెరికి సాగు చేసినవానిదనియు, మృగం మొదట బాణం నాటినవానిదనియు మనుస్మృతి నిర్ణయం. ఫ్రీమన్ నాగలి పూనకముందు ఆ ప్రాంతంలో ఓటో, మిస్సోరియా జాతులవారు మొక్కజొన్న పండించుకుంటూ, వేటాడుకుంటూ జీవించినారు. 1854లో వారిచేత భూమిని వదలింపజేసి కొంత సీమను మాత్రం మిగిల్చినారు. 1881 నాటికి దానినీ విడిచి దక్షిణానికి తరలవలసివచ్చినది. ప్రభుత్వం ఉదారంగా ఇచ్చిన భూమి మునుపు ఒకరి కన్నీటితో తడిసినది. సేద్యం చేసినవాని శ్రమ స్వచ్ఛమే. ఇచ్చినవాని హక్కు మాత్రం అంత స్వచ్ఛం కాదు.

దాతలారా! తనది కానిదానిని దానం చేసే అధికారం ఎవరికీ లేదని మన ధర్మశాస్త్రాలు ఘోషిస్తున్నవి. దేవునికి పొలం సమర్పించేముందు అందులో అన్నదమ్ముల భాగం, ఆడపడుచు భాగం, ఏండ్లుగా దున్నుచున్న కౌలుదారుని ఆశ ఏమైనా చిక్కుకొని ఉన్నదేమో విచారించండి. వారికి ఇవ్వవలసినది ఇచ్చిన పిమ్మటనే స్వామికి ఇవ్వండి. అప్పుడే అది దానం.

రెండవ మాట: ఇచ్చుటతో దానం పూర్తి కాదు. బీడుపడిన మాన్యం దీపానికి నూనె ఇవ్వదు, నైవేద్యానికి గింజ ఇవ్వదు. మీరిచ్చిన నేల పండుచున్నదా అని ఏటేటా వచ్చి చూడండి, అడగండి. అట్లు అడుగుట అపచారం కాదు, అదియు సేవయే.

పవిత్రంగా ఇచ్చి, శ్రమతో నిలుపుకొనే భాగ్యాన్ని స్వామి మనకందరకు అనుగ్రహించుగాక!

స్వస్తి.