శిశువుల మస్తిష్కవ్యాధులు – మన కర్తవ్యము



మహాసభవారు మమ్ము విద్యనుగూర్చి ప్రసంగింపుడని కోరిరి. చదువునకు ముందు బిడ్డ బ్రదికి, నడచి, పలుకవలెను గదా! కావున శిశువుల మెదడునకు అరుదుగా సోకు వ్యాధులను కనిపెట్టు విధమునుగూర్చి విన్నవించెదము.

ఒక్క వ్యాధిని ఉదాహరణముగా గైకొందము. పుట్టినపుడు బిడ్డ ఆరోగ్యముగనే కానవచ్చును. తొలి యేటనే తల మితిమీఱి పెరుగును. కొన్నాళ్లకు నడక తూలును, మూర్ఛలు వచ్చును. తలకు స్వల్పమైన దెబ్బ తగిలినను కొందఱు స్పృహ తప్పుదురు. బుద్ధి మాత్రము చాలకాలము నిలిచియుండును. ఇట్టి బిడ్డను చూచి గ్రహదోషమనియో, దిష్టియనియో తలచి తాయెత్తులు కట్టువారు కలరు.

1995వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశపు వైద్యురాలు మార్యో వాన్ డెర్ నాప్, ఆమె సహచరులు ఎనమండుగురు శిశువులను పరీక్షించి దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించిరి. వారికి దారిచూపినది ఎం.ఆర్.ఐ. చిత్రము. బలమైన అయస్కాంతము నడుమ బిడ్డను పరుండబెట్టి, దేహమందలి నీటిలోని హైడ్రోజను పరమాణువులు రేడియోతరంగములకిచ్చు ప్రతిస్పందమునుబట్టి ఈ చిత్రమును రచింతురు. ఇందు ఎక్సురే కిరణములు లేవు. ఈ వ్యాధియందు మెదడులోని శ్వేతభాగము ఉబ్బియుండును; కణతలవైపు నీటితిత్తులు కానవచ్చును. చిత్రము చూచినవారికి బిడ్డ మంచము పట్టియుండునని తోచును. బిడ్డయో, ఎదుట నడచుచుండును! ఈ వైరుధ్యమే వ్యాధికి ముఖ్యలక్షణము. లిపి నెఱిగినవాడు అక్షరమును గుర్తించునట్లు, ఏ భాగము చెడినది, ఏ భాగము మిగిలినది అనుదానిని బట్టి వైద్యులు వ్యాధిని పోల్చుకొందురు.

ఇది పరదేశపు ముచ్చట యని ఉపేక్షింపరాదు. 1996లో బొంబాయి వైద్యులు భీమ్ సింఘాల్ గారును, సహచరులును ఇట్టి వ్యాధిని అగర్వాల్ సమాజపు శిశువులయందు వర్ణించిరి. 2001లో దీనికి కారణమైన ఎం.ఎల్.సి.1 అను జన్యువు బయల్పడెను. 2004లో ఆ సమాజపు కుటుంబములయందు ఒకే మార్పు కలదని తేలెను. అనగా ఏనాటివారో ఒక్క పూర్వులనుండి అది సంక్రమించియుండునని భావము. ఇది ఆ సమాజమునకు కళంకము కాదు. తరతరములు తమలో తామే వియ్యమందు ఏ కులమునందైనను ఇట్టిది సంభవింపవచ్చును. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనమున దక్షిణాసియాయందలి 260కి పైగా సమూహములను పరిశీలింపగా, 81 సమూహములయందు ఇట్టి మూలపురుషప్రభావము యూదులలోని అష్కెనాజీల కంటెను, ఫిన్లాండువారికంటెను అధికముగ నుండెను.

తల్లిదండ్రు లిరువురును దోషజన్యువును మోయువారైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. తాము మాత్రము ఆరోగ్యవంతులై యుందురు. గోత్రము వేఱైన చాలునని మనవారి నమ్మకము. మేనమామ కూతురి గోత్రము వేఱే. కాని రక్తము వేఱు కాదు. బోధాయనుడు మేనరికమును దక్షిణదేశాచారముగా పేర్కొనెనేకాని సర్వులకు విధింపలేదు. ఒకే పూర్వునినుండి ఒకే జన్యువు రెండువైపులనుండియు బిడ్డకు చేరు అవకాశము మేనరికమున పదునాఱింట నొకటి. మేనమామ మేనకోడండ్ర వివాహమున ఎనిమిదింట నొకటి.

దీనిని సమూలముగ కుదుర్చు ఔషధము లేదు. అయినను పేరు తెలిసినచో లాభము కలదు. మూర్ఛలకు మందు ఇప్పింపవచ్చును. తలకు దెబ్బ తగులకుండ కాపాడవచ్చును. ఆసుపత్రినుండి ఆసుపత్రికి తిరుగుట తప్పును. తరువాతి గర్భమును ముందుగనే పరీక్షింపవచ్చును.

ఇంట మూర్ఛరోగి కలడన్నచో ఆడపిల్లలకు సంబంధములు రావని పెద్దలు దాచుదురు. ఆ దాపఱికమువలన చెల్లెలి బిడ్డయు అదే వ్యాధికి గుఱియగును. మానమును కాపాడబోయి సంతానమును పోగొట్టుకొనుట వివేకమా?

కావున మూడు మనవులు. శిశువుల తలచుట్టుకొలతను టేపుతో కొలిపించి వ్రాసియుంచుడు; అది అతిశీఘ్రముగ పెరిగినచో వైద్యునికి చూపుడు. జాతకములతోపాటు ఇరువైపుల కుటుంబవ్యాధులను అడిగి తెలిసికొనుడు. అవసరమైనచో జన్యుపరీక్ష చేయింపుడు. హైదరాబాదునందలి సి.డి.ఎఫ్.డి. సంస్థలో అట్టి పరీక్షలు జరుగును. పోషకులు కల్యాణమంటపములకు ఇచ్చు విరాళములలో కొంత పేదశిశువుల చిత్రపరీక్షలకు నిధిగా నేర్పఱుపుడు.

ఈ సభయందే ఆ నిధికి తీర్మానము గావింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.