పెళ్ళియే మందా?



పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు అను సామెత ఒంగోలు సీమలో వినబడని పల్లె ఉండదు. సామెతలో హాస్యమున్నది. కాని దాని రెండవ సగమును చాల ఇండ్లలో పెద్దలు హాస్యముగా తీసికొనరు, వైద్యముగా తీసికొందురు. తండ్రి త్రాగి కొట్టుచుండగా పెరిగిన కుఱ్ఱవాడు ఎవరితోను మాటలాడకున్నను, తల్లి పోయి ఒకరి పంచన పెరిగిన పిల్ల ప్రతి పిలుపునకు ఉలికిపడుచున్నను, “మూడు ముళ్ళు పడనీయండి, అన్నియు సర్దుకొనును” అందురు. మిరపకాయ అమ్ముడుపోయి చేతికి నాలుగు డబ్బులు రాగానే ముహూర్తము పెట్టుదురు. ఆ కుఱ్ఱవాని కోపము మాత్రము కొత్త కాపురమునకు అతని వెంటనే వచ్చును. ఈ పర్యాయము దెబ్బ తినునది ఎవరో కన్న కూతురు.

ఈ వైద్యమును గూర్చి నవల ఏమి చెప్పినదో చూడవలెను. గ్రంథాలయములలో ముందుగా అట్టలు ఊడునవి ప్రేమ నవలలే. అవి కాలక్షేపమునకే పనికివచ్చునని పెద్దలు చప్పరించుట కద్దు. కాని పెద్దలు అడుగని ప్రశ్నను ఆ నవలలే అడిగినవి.

తెలుగున ఈ ప్రశ్నను లోతుగా అడిగినవాడు బుచ్చిబాబు. ఆయన అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. ఆయన వ్రాసిన ‘చివరకు మిగిలేది’ 1946-47లో నవోదయ పత్రికలో ధారావాహికముగా వెలువడినది. కథానాయకుడు దయానిధి చదువుకొన్నవాడు, వైద్యుడు. అతనిని చిన్ననాట ఎవరును కట్టివేసి కొట్టలేదు. అతనికి తగిలిన గాయము ఊరివారి మాట. తల్లి నడతను గూర్చి జనులు చెప్పుకొనిన మాటలు అతని చెవిన పడినవి. తల్లి మరణించినను మాట మరణింపలేదు. అతడు కాపురమున్న చోటికి, వైద్యము చేసిన చోటికి, అతనికంటె ముందుగానే చేరుచుండెను. తల్లిని ప్రేమింపకుండ ఉండలేడు, ఆమె పేరెత్తిన చోట తలయెత్తి నిలువలేడు. కోమలిని కోరును గాని దగ్గరకు పోలేడు. అమృతము చూపిన ఆదరమును నిశ్చింతగా అందుకొనలేడు.

అట్టివానికి పెద్దలెఱిగిన మందు వేయబడినది. ఇందిరతో వివాహమైనది. ఆమె తండ్రి పోలీసు అధికారి. ఆ పెళ్ళి వలన ఏమి కుదిరినది? ఏమియు కుదరలేదు. దంపతుల నడుమ మామగారి అధికారము అడ్డుగా నిలిచినది, ఊరిమాట మరల లేచినది. తన వలన కాని తప్పునకు ఇందిర కూడ నలిగినది. ఆ అమ్మాయిని గూర్చి చదువరులు ఎక్కువగా తలపరు, అది అన్యాయము. ఒకరి గాయమునకు మందుగా తీసికొనిపోబడిన మనిషికి తన బ్రతుకు ఒకటి ఉండునని ఎవరికి తోచినది? దయానిధి రాయలసీమకు, వజ్రకరూరునకు తరలిపోవును. అచ్చట వజ్రము దొరకును, అదియు నిలువదు. కథాంతమున కోమలి అతని చెంతకు వచ్చును. ఆమె అతని గతమును తుడిచివేయదు. తుడువవలెనని కోరదు కూడ. చెప్పరాని దానిని చెప్పుకొనదగిన మనిషి ఒకరు దొరకిరనునంత మాత్రమే అచ్చట కలదు.

రచ్చబండ మీద కూర్చుండువారు ఈ నవలను చదివినచో కొంచెము ఇబ్బందిపడవలసియుండును. దీనిలో దోషి సవతితల్లి కాదు, త్రాగుబోతు తండ్రి కాదు. ఎదుట పసివాడున్నాడని చూడక వాని తల్లిని గూర్చి మాటలాడు ఊరు.

యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ వేరు తోవ పట్టినది. 1973లో విజయనిర్మల దీనిని చలనచిత్రముగా తీసినందున చదువనివారికిని కథ తెలియును. తల్లి ఆజ్ఞయే శాసనమైన సంపన్న గృహమున పెరిగిన మీనాకు తన ఇష్టమేదో తనకే తెలియదు. పల్లెటూరి బంధువుల ఇంట నాలుగు దినములుండి, సేద్యము చేసికొను కృష్ణను ఎఱిగిన పిమ్మట ఆమెకు నోరు వచ్చును. ఇందలి పల్లె కొంత తియ్యనిదే. ఎండలో మిరపతోటలో వంగి కోసిన ఆడుకూలీ ఆ పుటలు చదివి నవ్వుకొనును. కాని రచయిత్రి ఒక మంచి పని చేసినది. కృష్ణ మీనాను తల్లి చేతిలోనుండి లాగికొని తన చేతిలో పెట్టుకొనలేదు. ఇష్టమును చెప్పు పని ఆమెకే మిగిలినది.

ఆంగ్లమున షార్లెట్ బ్రాంటీ 1847లోనే ఈ సంగతిని ఇంకను నిక్కచ్చిగా చెప్పినది. జేన్ అయిర్ అనాథ. మేనమామ భార్య ఆమెను పదేండ్ల ప్రాయమున ఒంటరి గదిలో పెట్టి తాళము వేసినది. పెద్దదై ప్రేమించినవానికి భార్య బ్రదికియున్నదని పెళ్ళినాడు తెలియగా, అంతటి ప్రేమను విడిచి వెడలిపోయినది. తన ధనము, తన వారు ఏర్పడిన పిదపనే మరల వచ్చినది. ప్రేమకై ఆకలిగొన్న పిల్ల దొరకిన ప్రేమను వదలుకొనగలుగుట, ఆమె కోలుకొన్నదనుటకు గుర్తు.

వైద్యులు ఈ విషయమును చాల ఆలస్యముగా లెక్కకట్టిరి. అమెరికాలో 9,000 మందికి పైగా పెద్దలను విచారించి 1998లో ప్రకటించిన పరిశోధనలో, బాల్యమున పడిన బాధలు ఎన్ని రకములైన, పెద్దతనమున దిగులు, త్రాగుడు, గుండెజబ్బు అంతకంతకు హెచ్చుగా కనబడినవి. బాధపడిన ప్రతివాడును చెడునని దాని అర్థము కాదు. పసితనపు దెబ్బ కాలముతో తానే పోవునను నమ్మకమునకు మాత్రము అది సాక్ష్యము పలుకదు.

ఇదే సీమలో వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము వెలసినది. 1929లో దాని భవనమునకు గాంధీజీ శంకుస్థాపన చేసిరి. ఆ నాటి పెద్దలకు గ్రంథాలయమనగా స్వాతంత్ర్యోద్యమపు ఇల్లు. నేటి పల్లె గ్రంథాలయమునకు దానికంటె చిన్న పని ఒకటి కలదు. ఇంటిలో చెప్పుకొనుటకు వీలులేని దానిని ఒక పిల్లయో పిల్లవాడో పుస్తకములో చదువుకొనుటకు చోటీయవలెను. ఏ పుస్తకము ఎవరు తీసికొనిరో బయట చెప్పకుండుట కూడ ఆ పనిలోని భాగమే. సాధారణముగా ‘మీనా’ చిరిగి, ‘చివరకు మిగిలేది’ మడత నలగక, రెండు వేర్వేరు బీరువాలలో ఉండును. రెండింటిని ఒకే అరలో ప్రక్కప్రక్కన పెట్టినచో, ఒకదానికై వచ్చిన చేయి రెండవదానిని కూడ తీయవచ్చును.